బోలు గంటలు

ఆ దేశంలో కరెంటు చవకయ్యే వేళలకి
బోలు గంటలని పేరు.
మిగతావన్నీ నిండు గంటలు.

దువార్నెనేలో, సార్డీన్ల రేవు మీదికి ఎక్కే మెట్ల వీధిలో
సొవాజిగ్ ఇంట్లో, మీటరు పెట్టెలో
రాత్రి పదీ ముప్ఫై ఆరుకి
టక్.
ఎవరో చీకట్లో నాలుక కొట్టినట్టు, ఒకే ఒక్కసారి.

ఆపైన బాత్రూం గోడకి వేలాడే తెల్లటి పీపా
సన్నగా మూలగడం మొదలెడుతుంది.
రెండొందల లీటర్లు.
సముద్రపు చలి ఎక్కిన గొట్టాల్లోంచి వచ్చిన నీళ్ళు
తెల్లారేలోపు చెయ్యి పెట్టలేనంత కాగాలి.

లెక్క ఆమెదే. కవరు వెనక, పెన్సిలుతో.
పీపా నిండా కాగడానికి పదకొండు యూనిట్లు.
పగలైతే యూనిట్ ఇరవై ఏడు సెంట్లు, రాత్రి ఇరవై.
రోజుకి మిగిలేది డెబ్బై ఏడు.
ఒక బగెట్‌కి కాస్త తక్కువ,
మొదటి కొరుకు ఎవరో తినేసిన బగెట్.

వేణ్నీళ్ళకి చన్నీళ్ళు తోడంటారు మనలో.
అక్కడ అలాగే సాగింది కాపురం:
చేపల వేలంలో గుల్వెన్ కూలి,
డబ్బాల ఫ్యాక్టరీలో ఆమె కూలి,
దానికి తోడు ఈ డెబ్బై ఏడు సెంట్లు.
ఒక ఏడాది పాత సైకిలుకి కొత్త చక్రాలు.
ఒక ఏడాది గుల్వెన్ దవడ పంటికి తొడుగు.
ఒక ఏడాది ఏమీ కాదు,
ఆ ఏడాది ఫ్యాక్టరీకి తాళం పడింది.

కవరు మీదికి ఎక్కనివి కొన్నున్నాయి.
అర్ధరాత్రి తిరిగే బట్టల మిషను,
కింద ఇంటివాడు చీపురుకర్రతో కొట్టే కప్పు.
రాత్రి దాకా సింకులో నానిన గిన్నెలు.
ఆడపడుచు పిల్లలతో దిగినప్పుడు
మూడో మనిషికి పీపాలో మిగిలేది గోరువెచ్చని అవమానం.
ఆదివారం మధ్యాహ్నం మంచం దిగాక
ఇద్దరిలో స్నానం ఎవరిదన్న పేచీ,
మొదట్లో నవ్వుతూ,
తర్వాత నవ్వకుండా.
గడ్డం గీసుకుంటూ కుళాయి వదిలేశావని
ఆమె తలుపు మీద వేలితో కొట్టేది.
టక్.

గుల్వెన్ చనిపోలేదు.
లోరియాంలో గ్యాసు బాయిలరున్న ఒకావిడ ఇంటికి వెళ్ళిపోయాడు.
అక్కడ వేణ్నీళ్ళకి వేళలు లేవట.
ఎప్పుడు తిప్పితే అప్పుడేనట.
ఈ మాట చెప్పిన ఆడపడుచుకి
సొవాజిగ్ కాఫీ పోసింది, చక్కెర వేయడం మర్చిపోయింది.

పీపాకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
అది ఇద్దరికీ కాచింది.
వాడని సగం గోడకేసి వెచ్చదనం కారుస్తూ
పొద్దుటికి కొంచెం చల్లబడి, రాత్రికి మళ్ళీ కాగి.
చిన్నది పెట్టించుకోమన్నాడు ప్లంబరు.
చూద్దాంలే అంది. ఆరేళ్ళు చూసింది.
గంట బోలుగా ఉంటేనే కదా మోగేది,
ఆ పదీ ముప్ఫై ఆరు మోగాక గానీ
ఆమెకి కన్ను మూతపడేది కాదు.

మొన్న నవంబరులో కంపెనీ నుంచి ఉత్తరం.
మధ్యాహ్నాలు ఎండ కరెంటు మిగిలిపోతోందట.
అందుకని మీ బోలు గంటల్లో కొన్నింటిని
పగటికి జరుపుతున్నాం.
మీరు చేయవలసిందేమీ లేదు.

ఆ రాత్రి పదీ ముప్ఫై ఆరు వచ్చింది, వెళ్ళింది.
మీటరు పెట్టె నోరు విప్పలేదు.
దుప్పటి మీద చేతులు పెట్టుకుని
రేవులో పడవల తాళ్ళు కిర్రుమనడం వింది,
ముప్ఫై ఏళ్ళుగా అవి కిర్రుమంటూనే ఉన్నాయా అనుకుంది.

శనివారం, చేతిలో ఉల్లిపాయ సగం తరిగి ఉండగా,
రెండూ పదికి
టక్.

సాయంత్రం అయిదింటికి, ఇంకా వెలుతురు ఉండగానే,
కిటికీ కాస్త తెరిచి
నీళ్ళ కింద నిలబడింది.
ముందు ఒళ్ళు రుద్దుకుంది. తర్వాత రుద్దుకోవడం మానేసింది.
ఆవిరి కిటికీలోంచి సముద్రం వైపు పోయింది,
ఒక్కో సెంటూ కనబడేలా.
ఆమె కుళాయి కట్టలేదు.
పీపా అడుగంటి, నీళ్ళు గోరువెచ్చనై, చన్నీళ్ళై,
పళ్ళు కటకటలాడేదాకా నిలబడింది.

ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

ఓహో, అంది తువ్వాలు అందుకుంటూ,
రెండొందల లీటర్లంటే ఇంతన్నమాట.